పాత గాజు సీసాల చరిత్ర

చరిత్ర యనగానే మన విద్యార్థులకు రాజులు, యుద్ధములు, శాసనములు, శిథిలమైన కోటలు జ్ఞప్తికి వచ్చును. అవి చరిత్రలో పెద్ద భాగమే. కాని చరిత్ర వానితో ముగియదు. మన ముత్తాతలు నూనె దేనిలో పోసికొనిరి, జ్వరము వచ్చినపుడు మందు దేనిలో తెచ్చుకొనిరి, వేసవిలో ఏమి త్రాగి సేదదీరిరి అనునవి కూడ చరిత్రయే. ఇట్టి సామాన్య జీవితమును గూర్చి శాసనములు చెప్పవు. ఇంటి అటుకమీద దుమ్ము పట్టి పడియున్న పాత వస్తువులు చెప్పును. అట్టి వస్తువులలో గాజు సీసా ఒకటి. గాజు ఎట్లు పుట్టును, మన దక్షిణదేశమున దాని పరిశ్రమ ఎట్లు సాగెను, సీసా మన ఇండ్లలోనికి ఏ త్రోవన వచ్చెను, పాత సీసాను చూచి దాని వయస్సును ఊరును ఎట్లు తెలిసికొనవచ్చును అను సంగతులను ఈ వ్యాసమున మా శక్తికొలది వివరింపదలచితిమి.

రెండు మాటలు

ముందుగా రెండు మాటలను పరిశీలింతము. తెలుగున 'గాజు' అనునది ఆ పదార్థమునకును పేరు, స్త్రీలు చేతికి తొడుగుకొను ఆభరణమునకును పేరు. ఇది సంస్కృతమునందలి 'కాచ' శబ్దమునుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. మన పొరుగు భాషయైన కన్నడమున పదార్థమును గాజు అనియే అందురు గాని ఆభరణమును 'బళె' అందురు. తెలుగువారు రెండింటిని ఒకే మాటతో పిలుచుచున్నారు. బంగారముతో చేయించుకొన్నను 'బంగారు గాజులు' అనియే అందుము గదా! దీనినిబట్టి చూడగా గాజు అను పదార్థము తెలుగు సంసారములో మొదట అడుగుపెట్టినది ముత్తైదువ చేతి ఆభరణముగానే అని మేము భావించుచున్నాము.

ఇక 'సీసా' అను మాట పారసీకమునందలి 'శీషా'నుండి వచ్చినది. 'బాటిలు' ఇంగ్లీషునుండి వచ్చినది. పదార్థమునకు మనకు చిరకాలపు పేరున్నది; దానితో చేసిన పాత్రకు మాత్రము వచ్చినవారి మాటను స్వీకరించితిమి. గాజును మనవారు చిరకాలమునుండి ఎరుగుదురనియు, గాజు సీసా సామాన్యుల ఇండ్లకు ఆలస్యముగా వచ్చినదనియు మన భాషయే సాక్ష్యమిచ్చుచున్నది. ఈ సాక్ష్యము నిజమగునో కాదో ఇప్పుడు వస్తువులను చూచి తెలిసికొందము.

ఇసుకనుండి గాజు

గాజునకు మూలము ఇసుక. ఇసుకలోని ముఖ్య పదార్థము సిలికా. అది ఒంటరిగా కరగవలెనన్న సుమారు 1700 సెంటీగ్రేడు డిగ్రీల వేడి కావలెను. కట్టెలతోను బొగ్గులతోను మండించు పాత కొలుములలో అంత వేడి పుట్టించుట దుస్సాధ్యము. ఇసుకలో సోడాను కలిపినచో అది చాల తక్కువ వేడికే కరగును. కాని ఇసుకను సోడాను మాత్రమే కలిపి కరగించిన గాజు నీటికి నిలువదు, మెల్లగా కరగిపోవును. దానికి సున్నము చేరినప్పుడే గట్టిపడును. నేటి సీసాల గాజులో నూటికి 70 పాళ్లకు మించి సిలికాయు, ఇంచుమించు 13 పాళ్లు సోడాయు, 10 పాళ్లు సున్నమును ఉండును. ఇసుకలో ఇనుము కొంచెమున్నను గాజు ఆకుపచ్చనగును. పాత సీసాలు పెక్కింటికి ఆ లేత పచ్చదనము అట్లు వచ్చినదే. ఎవరును రంగు వేసినది కాదు. కోబాల్టు చేర్చిన నీలిరంగు వచ్చును.

మన ప్రాచీనులు ఈ సోడాను ఎచ్చటినుండి తెచ్చిరి? చవుటి నేలనుండి. వేసవిలో చవుటి నేలపై తెల్లని పూత పొంగుట మీలో పల్లెలకు పోయి వచ్చువారు చూచియేయుందురు. బట్టలుతుకుటకు పూర్వము వాడిన చవుడు అదియే. దానిని తెలుగున చవుడనియు కన్నడమున చౌళు అనియు అందురు. పైరు పండదని రైతు విడిచిన నేల గాజు కొలిమికి గనియైనది. రాయలసీమలోను మైసూరు దేశములోను ఇట్టి నేలలకు కొదువలేదు.

దక్షిణదేశపు పాత కొలుములు

పుదుచ్చేరికి చేరువనున్న అరికమేడు అను చోట 1945లో మార్టిమర్ వీలర్ అను పురాతత్త్వవేత్త త్రవ్వకములు జరిపించెను. రోము దేశమునుండి వచ్చిన మట్టిపాత్రల ముక్కలు అందు దొరకుటచే అది రెండువేల ఏండ్ల నాటి రేవు పట్టణమని లోకమునకు తెలిసెను. ఆవగింజంతయు మిరియపుగింజంతయు గల గాజుపూసలు అచ్చట లెక్కకు మించి దొరకినవి. ఒకే రంగు గల ఈ చిన్న పూసలు ఆఫ్రికా తూర్పుతీరము మొదలు ఆగ్నేయాసియా వరకు వ్యాపించియున్నవి. అందుచేతనే అమెరికా దేశపు పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వీనికి 'ఇండో-పసిఫిక్ పూసలు' అని పేరు పెట్టెను.

ఈ పూసలను చేసిన విధానము గ్రంథములలో లేదు. అది మన తెలుగు పల్లెయొకదానిలో సజీవముగా దొరకెను. ఆ పల్లె నేటి తిరుపతి జిల్లాలో ఏర్పేడు సమీపమునగల పాపానాయుడుపేట. మేము తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో తోడి విద్యార్థుల నోట ఆ ఊరి పేరు మొదట వింటిమి. అచ్చటి పనివారు కరగిన గాజు ముద్దను 'లాడ' అను పొడవైన ఇనుప గొట్టమునకు పట్టించి, దాని నడుమ రంధ్రము నిలుచునట్లు చేసి, కొలిమినుండి సన్నని గొట్టముగా సాగదీయుదురు. ఆ గొట్టమును ముక్కలుగా నరికి, బూడిదతో కలిపి మరల వేడిచేయగా ముక్కల అంచులు గుండ్రనై పూసలగును. బూడిద రంధ్రములను మూసికొని పోకుండ కాపాడును. ఇరువదియవ శతాబ్ది ఉత్తరార్ధమున పరిశోధకులు ఈ ఊరికి వచ్చి ఈ పనిని చూచి, అరికమేడు పూసలును ఇట్లే చేయబడినవని నిర్ణయించిరి. శాస్త్రజ్ఞులకు అంతుచిక్కని సంగతిని పెద్ద చదువులు లేని పల్లెటూరి పనివాడు తన చేతులతో చూపెను. ఆ పనివాడు లేకున్నచో ఆ ప్రశ్నకు సమాధానము ఎన్నటికిని దొరకెడిది కాదేమో!

మనము నివసించు కర్ణాటకమునను గాజు పరిశ్రమ లేకపోలేదు. 1800, 1801 సంవత్సరములలో ఫ్రాన్సిస్ బుకానన్ అను ఆంగ్లేయ ప్రభుత్వ వైద్యుడు మైసూరు దేశమంతయు తిరిగి, ప్రతి ఊరి పంటలను పనులను వ్రాసికొనెను. చిత్రదుర్గము జిల్లా హొసదుర్గము తాలూకాలోని మత్తోడు అను ఊరి గాజు కొలుములను అతడు వర్ణించియున్నాడు. అచ్చట చేసినవి చేతి గాజులే. బెంగుళూరునుండి మైసూరునకు పోవు త్రోవలో నేడు కొయ్యబొమ్మలకు పేరొందిన చన్నపట్టణమునను ఒకప్పుడు చేతి గాజుల తయారీ సాగెను. ఇక మన నగరములో చిక్కపేటను ఆనుకొని 'బళేపేట' కలదు. బళె యనగా చేతి గాజు. కెంపెగౌడ 1537లో నిర్మించెనని చెప్పబడు పాతపేటలో ఆ వీధికి ఆ పేరు గాజుల వర్తకమువలన వచ్చినది. మలారము భుజముపై మోసికొని వీధి వీధి తిరిగిన గాజుల సెట్టి తెలుగు పల్లెలలో ఎంత పరిచితుడో కన్నడ పల్లెలలోను అంత పరిచితుడు.

ఈ సాక్ష్యములన్నియు ఏమి చెప్పుచున్నవి? పూస, చేతి గాజు. ఎచ్చటను సీసా ప్రధానము కాదు. మనవారికి సీసా చేయు నేర్పు చాలక కాదు, అవసరము లేక. నూనెకు తోలు సిద్దె ఉండెను. నీటికి మట్టికూజా, సొరకాయ బుర్ర ఉండెను. ఊరగాయకు జాడీ ఉండెను. వైద్యుడు భస్మములను కొమ్ములలోను వెదురు గొట్టములలోను దాచుకొనెడివాడు. అవసరము లేనిచోట పరిశ్రమ పెరుగదు. మన భాష చెప్పిన సాక్ష్యము నిజమైనది.

సీసా వచ్చిన త్రోవ

సీసాలు మన సామాన్యుల ఎరుకకు ముఖ్యముగా ఐరోపావారి ఓడలతో వచ్చినవి. మొదట వారి మద్యములు, పిదప వారి మందులు, ఆ పిదప సోడానీరు. 1809లో ఆంగ్లేయుల సైన్యము శ్రీరంగపట్టణమునుండి బెంగుళూరునకు తరలివచ్చి దండు ఏర్పడెను. ఆ సైనికుల కొరకు బీరు చేయు కార్ఖానాలు ఇచ్చట వెలసినవి. 1915లో థామస్ లీష్మన్ అను స్కాట్లండు దేశీయుడు దక్షిణాదిలోని ఇట్టి కార్ఖానాలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ అను సంస్థను స్థాపించెను. మద్యపు సంగతి విద్యార్థులకు బోధించుట మా ఉద్దేశము కాదు. సీసా వచ్చిన త్రోవను దాచిపెట్టుటయు తగదు.

1889 నవంబరు 30వ తేదీన లాల్‌బాగులో గాజుమందిరమునకు ఆల్బర్ట్ విక్టర్ రాకుమారుడు శంకుస్థాపన చేసెను. 1851లో లండనునందు కట్టిన స్ఫటిక భవనము దానికి మాదిరి. ఏటేట ఫలపుష్ప ప్రదర్శనమునకు పోవు మన పిల్లలందరు ఆ మందిరమును చూచినవారే. దాని చరిత్రను వ్రాసినవారు పెక్కుమంది. కాని అదే నగరమున అదే కాలమున వేలకొలది చేతులు మారిన సీసాల చరిత్ర ఎవరు వ్రాసిరి?

వాడి పారవేసిన సీసాను మనవారు పారవేయలేదు. మెడకు త్రాడు కట్టి కిరసనాయిలు తెచ్చుకొనుటకు వాడిరి. తేనెకు, ఆముదమునకు, పిల్లల గ్రైపు నీటికి వాడిరి. ధర్మాసుపత్రికి పోవువారు ఇంటినుండి సీసా తీసికొనిపోవుట ఆచారము. కాంపౌండరు అందు మిక్స్చరు పోసి, అంచులు కత్తిరించిన కాగితపు పట్టీని ప్రక్కన అతికించెడివాడు. ఒక్కొక్క గంటు ఒక్కొక్క మోతాదు. ఆ పట్టీని చూచి చదువురాని తల్లియు బిడ్డకు సరిగా మందు పోయగలిగెడిది. ఈ సంగతి మీ ఇంటి పెద్దలను అడిగిన చెప్పుదురు.

గోలీ సోడా

పాత సీసాలలో మన పిల్లలకు మిక్కిలి ప్రియమైనది గోలీ సోడా. దాని కథ వినదగినది. జోసెఫ్ ప్రీస్ట్లీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1767లో నీటిలో బొగ్గుపులుసు వాయువును కరగించు ఉపాయము కనిపెట్టెను. 1783లో జెనీవా నగరమున జాకబ్ ష్వెప్ దానిని వ్యాపారముగా చేసెను. చిక్కెచ్చట వచ్చెననగా సీసాను మూయుటలో. బిరడా ఎండి ముడుచుకొనిన వాయువు తప్పించుకొనిపోవును. అందుచేత అడుగు గుండ్రముగా, కోడిగ్రుడ్డువలె నుండు సీసాలను చేసిరి. అవి నిలువవు, ప్రక్కకు పడుకొనియే యుండును. అప్పుడు బిరడా ఎల్లప్పుడు తడిగానుండును.

1872లో హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు బిరడాయే అక్కరలేని సీసాకు హక్కు పొందెను. సీసా మెడలో ఒక గాజు గోలీ, మూతివద్ద ఒక రబ్బరు వలయము ఉండును. సీసాను తలక్రిందులుగా పట్టి సోడాను నింపుదురు. అప్పుడు గోలీ జారి మూతి వద్దకు వచ్చును. లోపలి వాయువే దానిని రబ్బరునకు గట్టిగా అదిమిపెట్టును. ఎంత వాయువున్న అంత గట్టి మూత! త్రాగువాడు గోలీని వ్రేలితోనో కొయ్యతోనో లోనికి నొక్కిన 'కుయ్' మని వాయువు వెడలి గోలీ మెడలోని నొక్కులో పడును. పోయునప్పుడు మరల మూతికి అడ్డుపడకుండుటకే ఆ నొక్కు.

1892లో అమెరికాలో విలియం పెయింటర్ అంచు ముడుతల రేకు మూతను కనిపెట్టెను. మెల్లమెల్లగా పడమటి దేశములలో గోలీ సీసా మూలబడెను. మన దేశమున మాత్రము అది నిలిచెను. కారణము స్పష్టమే. రేకు మూత ఒకమారు తీసిన మరల పనికిరాదు. గోలీ సీసాను కడిగి ఎన్నిమార్లయినను నింపవచ్చును. చేతితో త్రిప్పు చిన్న యంత్రమున్న చాలును. పేదవాడును వ్యాపారము చేయవచ్చును. తూర్పుగోదావరి సీమలోని రామచంద్రపురమున ఇరువదియవ శతాబ్ది రెండవ దశాబ్దములో అద్దూరి రామచంద్రరాజుగారు ఆరంభించిన సోడా వ్యాపారమే పిదప 'ఆర్టోస్' పానీయముగా పేరు పొందెను. తమిళనాట విరుదునగరున 1916లో పుట్టిన 'కాళిమార్క్' సోడా మన తమిళ మిత్రులకు సుపరిచితము. గోలీ సీసాలను చేయుటలో ఉత్తరప్రదేశమునందలి సాస్ని పట్టణము పేరొందినది.

సోడా కంపెనీలు తమ పేరును ఊరును సీసాపై ఉబ్బెత్తు అక్షరములుగా అచ్చుపోయించుకొనెడివి. సీసా ఖరీదైనది, పొరుగు కంపెనీవాడు దానిని నింపి అమ్ముకొనకుండుటకు ఈ జాగ్రత్త. ఆ అక్షరములే నేడు మనకు శాసనములు. పెక్కు చిన్న కంపెనీలను గూర్చి ఏ పుస్తకమునను ఒక్క వాక్యమైనను లేదు. వారి పేరు మిగిలిన చోటు ఆ సీసా యొక్కటే. అట్టి సీసాలు తక్కువగా మిగులుటకు ఒక కారణము మీకు నవ్వు తెప్పించును: లోపలి గోలీ కొరకు ఆనాటి పిల్లలు వానిని పగులగొట్టెడివారు!

పైసా నిధి

సీసాలను మనమే ఏల చేసికొనరాదను ఆలోచన స్వదేశోద్యమ కాలమున బలపడెను. మహారాష్ట్రమున అంతాజీ దామోదర కాళే అను దేశభక్తుడు ప్రతి మనుష్యుని వద్ద ఏడాదికొక పైసా చొప్పున యాచించి 'పైసా నిధి'ని కూర్చెను. బాలగంగాధర తిలక్ గారు దానికి అండగా నిలిచిరి. ఆ నిధితో పూనాకు సమీపమున తళేగామునందు 1908లో గాజు కార్ఖానా వెలసెను. విదేశములకు పోయి గాజు విద్య నేర్చివచ్చిన ఈశ్వరదాస్ వార్ష్ణేయ దానిని నడిపెను. అది కార్ఖానాయే గాక పాఠశాలయు. అందు నేర్చినవారు ఇతర కార్ఖానాలకు పోయి పనిచేసిరి. 1916లో ఓగలే సోదరుల కార్ఖానా సతారా జిల్లాలో పుట్టెను. వారి 'ప్రభాకర్' లాంతరు ఎన్నో ఇండ్ల చీకటిని పోగొట్టెను. 1950లో కలకత్తాలో కేంద్ర గాజు, పింగాణి పరిశోధనాలయము ఆరంభమయ్యెను. నేడు నెల్లూరు సీమలో గూడూరు, చిల్లకూరు ప్రాంతముల తెల్లని ఇసుక గాజు కార్ఖానాలకు పోవుచున్నది. హైదరాబాదున సనత్‌నగరు సీసాల తయారీకి ప్రసిద్ధికెక్కెను.

యంత్రముల సంగతియు ఒకటి చెప్పవలెను. పూర్వము సీసా యనిన చాలవరకు మనుష్యుని ఊపిరి. పనివాడు ఊదుగొట్టముతో గాజును ఉబ్బించి అచ్చులో ఊదెడివాడు. అతనికి అచ్చు పట్టుటకు, సీసాలు మోయుటకు చిన్న బాలురు రేయింబవళ్లు పనిచేసిరి. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ పదవయేటనే అట్టి కొలిమిలో పనికి కుదిరినవాడు. అతడే పెద్దవాడై 1903లో సీసాలను తనంతట చేయు యంత్రమును నిర్మించెను. కొలిమిలోని బాలుర పని దానితో చాలవరకు తగ్గెను. మన దేశమున పిల్లలను ప్రమాదకరమైన పనులలో పెట్టరాదను చట్టము 1986లో వచ్చెను. మీ వయసు పిల్లలు బడిలో కూర్చొని చదువుకొనుట వెనుక ఎంత కథయున్నదో సీసాను చూచినపుడు తలచుకొనుడు.

సీసాను చదువుట

పాత సీసాను చదువుటకు కన్నులును వ్రేళ్లును చాలును. మొదట అతుకు గీతను చూడవలెను. అచ్చు రెండు బద్దలుగా నుండును గనుక సీసా ప్రక్కలలో సన్నని గీత ఏర్పడును. ఆ గీత మెడ దగ్గర ఆగిపోయి, మూతి వేరుగా అతికినట్లున్నచో అది ఊదిన సీసా. గీత మూతి అంచువరకు సాగినచో సాధారణముగా యంత్రపు సీసా. అనగా చాలవరకు 1903 తరువాతిది. మన దేశమున చేతితో ఊదుట చాలకాలము సాగినది కావున ఊదిన సీసా యన్నంతనే శతాబ్ది దాటినదని తీర్మానింపరాదు. ఒక్క గుర్తును నమ్మి తీర్పు చెప్పువాడు చరిత్రకారుడు కాడు.

రెండవది అడుగుభాగము. అందు గరుకైన మచ్చ యున్నచో ఊదునపుడు ఇనుప కడ్డీకి పట్టించి విరిచిన గుర్తు. అంకెలు, అక్షరములు ఉన్నచో అవి కార్ఖానా గుర్తులు లేదా అచ్చు సంఖ్యలు. మూడవది గాజు లోపలి బుడగలు, ప్రక్కల ఎగుడుదిగుడులు. నాలుగవది రంగు. పూర్వము గాజు పచ్చదనమును పోగొట్టుటకు మాంగనీసును కలిపెడివారు. అట్టి గాజు ఏండ్లతరబడి ఎండలో నున్న లేత ఊదారంగు తిరుగును. ఐదవది ఆకారము. కోణములుగా, ఒంటిపై గరుకు గీతలతో నుండు నీలి సీసా విషపు మందుదై యుండవచ్చును. చీకటిలో తడిమినవాడు కూడ ప్రమాదమును గుర్తించుటకు అట్లు చేసిరి. ఆరవది అక్షరములు. అవి ఏ భాషలో ఉన్నవి, పేరేమి, ఊరేమి అని వ్రాసికొనవలెను. కాగితపు చీటీ మిగిలియున్నచో అది మరింత విలువైనది. నీటితో కడిగి దానిని పోగొట్టరాదు.

మనము చేయవలసిన పని

గాజు కుళ్లదు, త్రుప్పు పట్టదు. అయినను దాని చరిత్ర నశించినంత సులభముగా వేరొక వస్తువు చరిత్ర నశింపదు. పగిలిన గాజును కొలిమిలో వేసిన క్రొత్త గాజు త్వరగా కరగును. కావున పాత సామాను కొనువాడు దానిని ఆదరముతో కొనిపోవును. ఒక రోజు ఇల్లు సర్దునపుడు పోయిన సీసా వారము తిరుగకమునుపే వేరొక సీసాయగును. మట్టికుండ పగిలినను పెంకుగానైన మిగులును. గాజు కరగిన పిదప జాడయే ఉండదు.

వస్తువుతోపాటు మాటయు పోవును. మన పాఠశాలలోని కుటుంబములు అనంతపురము, చిత్తూరు, కోలారు మొదలగు సీమలతో సంబంధము గలవి. మన అవ్వల నోట సిద్దె, మలారము, సిరాబుడ్డి, బుడ్డిదీపము, చవుడు వంటి మాటలు ఇంకను సజీవముగా నున్నవి. ఈ మహానగరమున పుట్టిపెరిగిన బాలునకు ఆ మాటలు వినుటకు బడిపుస్తకము చాలదు. వస్తువు ఎదుట నున్నప్పుడే అవ్వకు మాట గుర్తుకు వచ్చును. మాటతో కథ వచ్చును. వస్తువును చూపక 'పూర్వపు సంగతులు చెప్పు' మనిన ఆమెయేమి చెప్పగలదు?

కావున విద్యార్థులు ఈ విధముగా చేయవలెనని కోరుచున్నాము. మీ ఇంటిలోని పాత సీసాను, బుడ్డిని, లాంతరు చిమ్నీని పెద్దల అనుమతితో తీసి చూడుడు. ఒక నోటుపుస్తకములో దాని బొమ్మ గీసి, ఎత్తు, రంగు, అక్షరములు, అడుగున గుర్తులు వ్రాయుడు. అది ఎవరిది, ఏ ఊరినుండి వచ్చినది, దేనికి వాడిరి, ఇంటిలో దానినేమని పిలిచిరి అను సంగతులను పెద్దలు చెప్పిన మాటలతోనే వ్రాయుడు. చెప్పినవారి పేరును, తేదీని మరువకుడు. చెప్పినదొకటి, మీరు ఊహించినదొకటి. ఈ రెండింటిని కలుపక వేరువేరుగా వ్రాయుడు. అదే సీసాను మీ కన్నడ మిత్రునకు, తమిళ, ఉర్దూ మిత్రులకు చూపి వారి ఇండ్లలోని మాటను కూడ ప్రక్కన చేర్చుడు. ఒకే సోడాను త్రాగిన వీధిలో నాలుగు భాషల మాటలు దొరకును.

జాగ్రత్తలు కొన్ని కలవు. పగిలిన గాజును వట్టి చేతులతో ముట్టరాదు. చెత్తకుప్పలలోను పాడుబడిన బావులలోను సీసాల కొరకు వెదకరాదు. లోపల మిగిలిన మందును వాసన చూడరాదు, రుచి చూడరాదు, పారబోయరాదు, పెద్దలకు చెప్పవలెను. కోటలు, గుడులు మొదలగు రక్షిత స్థలములలో త్రవ్వరాదు, అది నేరము. దొరకిన చోటినుండి వేరుచేసిన వస్తువు సగము చరిత్రను కోల్పోవును. కావున ఎచ్చట దొరకినదో వ్రాయుట దానిని తెచ్చుటకంటె ముఖ్యము.

తలిదండ్రులకు మా విన్నపమొకటే. పాత సామాను అమ్మువేళ ఒక్క నిమిషము ఆగి, పేరు అచ్చుపోసిన సీసా యున్నచో దానిని బిడ్డ చేతికిచ్చి, మీకు తెలిసిన నాలుగు మాటలు చెప్పుడు. దాచుటకు ఇంటిలో చోటు లేకున్నను చింత లేదు. బొమ్మయు వివరమును నోటుపుస్తకములో నిలిచినచో చాలును. విద్యార్థులు వ్రాసిన వివరములను తెలుగు ఉపాధ్యాయులకు అందజేసినచో వానిని క్రమముగా కూర్చి రాబోవు సంచికలలో ప్రకటింతుము. పేరు తెలియని సోడా కంపెనీ యొకటి, మరుగునపడిన తెలుగు మాట యొకటి ఈ పత్రిక పుటలకెక్కినను మన శ్రమ సార్థకమగును.